రిస్కున్న ఐడియాకి ప్రభుత్వ గ్రాంట్ అడగడం ఎలా? కొత్తగా ల్యాబ్ పెట్టుకుంటున్నవాళ్ళ కోసం

ఈమధ్యే ఏదో యూనివర్సిటీలోనో ఐఐటీలోనో సీఎస్‌ఐఆర్ ల్యాబ్‌లోనో ఉద్యోగంలో చేరారు. పీహెచ్‌డీ ఒక సబ్జెక్టులో చేశారు, కానీ మీ బుర్రలో తిరుగుతున్న ప్రశ్నేమో రెండు మూడు సబ్జెక్టుల మధ్య పడింది, పైగా అది పని చేస్తుందో లేదో మీకే గ్యారంటీ లేదు. డిపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళు "ముందు ఏదైనా సేఫ్‌గా రాసి గ్రాంట్ తెచ్చుకో, ఆ ఐడియా సంగతి ప్రమోషన్ వచ్చాక చూద్దువుగాని" అంటారు. మీ మంచి కోరే అంటారు. అయినా నేను ఆ మాట ఒప్పుకోను, ఎందుకంటే పదేళ్ళు పోయాక మీ కింద విద్యార్థులు, మీద కమిటీలు, పాత గ్రాంట్ల రిపోర్టులు ఉంటాయి, అప్పుడు కొత్త సబ్జెక్టుని మొదటి పేజీ నుంచి నేర్చుకునే తీరిక దొరకడం చాలా కష్టం. ఆ పని చేయగలిగేది ఇప్పుడే, దానికోసం ప్రభుత్వం డబ్బు పెట్టిన పథకాలు కూడా ఉన్నాయి.

నేను చెప్పబోయేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. రిస్కు ఎక్కడుందో చదివేవాళ్ళకి తెలియకపోతే ప్రపోజల్ మొత్తం మీద అనుమానం వస్తుంది. కాబట్టి ఆ రిస్కుని దాచకుండా ఒక్కచోటికి తెచ్చి, అది ఎన్ని నెలల్లో తేలుతుందో, తేలాక ఏం చేస్తారో రాయండి. మిగతావన్నీ దీని తర్వాతే.

1. ముందు మీ మూడు తేదీలు రాసుకోండి

పుట్టిన తేదీ, పీహెచ్‌డీ వచ్చిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ. యువ పరిశోధకుల పథకాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని లెక్క కడతాయి, ఒక్కో పథకానిది ఒక్కో లెక్క. ఐడియా ఎంత గొప్పదైనా తేదీ దాటితే పోర్టల్ మిమ్మల్ని లోపలికే రానివ్వదు, అందుకని ఐడియా కంటే ముందు ఈ పని.

ఇప్పుడు పథకాలు. మన దేశంలో సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధనకి ఎక్కువమంది వెళ్ళేది ఏఎన్‌ఆర్‌ఎఫ్ దగ్గరికి, అంటే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023లో చట్టం చేశారు, 2024 ఫిబ్రవరి 5 నుంచి అది అమల్లోకి వచ్చింది, అంతకుముందున్న సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డ్) ఇందులో కలిసిపోయింది. సీనియర్లు ఇంకా "సెర్బ్ గ్రాంట్" అనే అంటుంటారు, కంగారు పడకండి. కొత్తగా చేరినవాళ్ళకి సెర్బ్ రోజుల్లో స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ కింద రెండేళ్ళకి 30 లక్షల దాకా వచ్చేది. ఇప్పుడు ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరియర్ రీసెర్చ్ గ్రాంట్ కింద మూడేళ్ళకి 60 లక్షల దాకా ఇస్తున్నారు. రెండేళ్ళు, మూడేళ్ళు అన్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ రిస్కున్న పనికి అదే ప్రాణం, మొదటి ఏడాది తప్పు దారి అని తేలినా ఇంకో రెండేళ్ళు చేతిలో ఉంటాయి.

ఇంకా పర్మనెంట్ ఉద్యోగం లేదా? అయితే డీఎస్‌టీ, అంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం వాళ్ళ ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ చూడండి. ఐదేళ్ళు, నెలకి లక్షా 25 వేలు, పరిశోధనకి ఏడాదికి 7 లక్షలు. వయసు 32 లోపు ఉండాలి, మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి 37 దాకా సడలింపు ఉంది. విదేశాల్లో పోస్ట్‌డాక్ చేస్తూ తిరిగి రావాలనుకునేవాళ్ళకి రామానుజన్ ఫెలోషిప్, లైఫ్ సైన్సెస్ వాళ్ళకైతే డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వారి రామలింగస్వామి ఫెలోషిప్ ఉన్నాయి. బయోమెడికల్ వైపు అయితే డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఉంది, దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే. పిల్లల కోసమో ఇంటి బాధ్యతల కోసమో మధ్యలో కొన్నేళ్ళు ఆగిపోయిన ఆడవాళ్ళు డీఎస్‌టీ వైజ్-కిరణ్ పథకాలు తప్పకుండా చూడాలి, అర్హత ఉండి కూడా "నాకెందుకిస్తారులే" అనుకుని అప్లై చేయని వాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చాలామంది గమనించని ఇంకో దారి: టెక్నాలజీ హబ్‌లు. కేంద్రం 2018 డిసెంబర్‌లో 3,660 కోట్లతో ఇంటర్‌డిసిప్లినరీ సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ మిషన్ పెట్టి దేశంలో 25 హబ్‌లు ఏర్పాటు చేసింది. మన దగ్గరే మూడు ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల మీద టీహాన్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో డేటా మీద ఒకటి, ఐఐటీ తిరుపతిలో పొజిషనింగ్ టెక్నాలజీల మీద ఒకటి. మీ పనిలో సెన్సర్లో, డేటానో, డ్రోన్లో ఉంటే వాళ్ళ ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి. కేంద్రం పెట్టిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (రీసెర్చ్, డెవలప్‌మెంట్, ఇన్నోవేషన్) ఫండ్ గురించి పేపర్లో చదివి ఫోన్ చేసేవాళ్ళకి ఒక మాట, అది ముఖ్యంగా ప్రైవేటు రంగం కోసం, కొత్త లెక్చరర్ ల్యాబ్ కోసం కాదు.

2. ప్రశ్నని ఒక్క వాక్యంలోకి తీసుకురండి

ఊరికే సలహాలు చెబితే గాల్లో ఉంటుంది, కాబట్టి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇది నేను వివరించడానికి కల్పించిన ప్రాజెక్టు, కానీ సమస్య మాత్రం నిజం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఆ కొబ్బరి, జీడి తోటల ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎందుకింతమందికి వస్తోందో ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో సరిగ్గా నీళ్ళు తాగకుండా పని చేయడం అన్నారు. ఇదీ కారణం అని తేలలేదు. ఇందులో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. ఈరోజు బావి నీళ్ళు పరీక్షిస్తే ఈరోజు సంగతే తెలుస్తుంది, 45 ఏళ్ళ రైతు తన పదేళ్ళ వయసులో ఏం తాగాడో అది చెప్పదు.

ఇప్పుడు మీరొక జియోకెమిస్ట్ అనుకోండి. రాళ్ళలో పొరపొరకీ ఏ లోహం ఎంతుందో లేజర్‌తో గీకి కొలవడం మీ వృత్తి. పన్ను కూడా పొరలు పొరలుగానే తయారవుతుంది, తయారయ్యేటప్పుడు ఒంట్లో ఉన్న సీసం లాంటి లోహాలు ఆ పొరల్లో కొంత మిగిలిపోతాయి. పాలపళ్ళ మీద ఈ పద్ధతి ఇతర దేశాల్లో వాడారు. మరి ఉద్దానం పెద్దవాళ్ళకి తీసేసిన జ్ఞానదంతాలు చూస్తే, వాళ్ళ చిన్నప్పటి సంగతి చెబుతాయా?

ఇదీ మీ వాక్యం. "ఉద్దానం వాసుల జ్ఞానదంతాల పొరల్లో, వాళ్ళు పెరిగే వయసులో ఒంట్లో చేరిన లోహాల ఆనవాళ్ళు చదవగలమా?" జియోకెమిస్ట్రీ, డెంటిస్ట్రీ, నెఫ్రాలజీ అని మూడు శాస్త్రాల పేర్లు ఇందులో ఎక్కడా లేవు చూడండి. సబ్జెక్టుల పేర్లు వరసగా పెట్టి "బహుళ విభాగాల సమగ్ర విధానం" అని మొదలుపెట్టిన ప్రపోజల్‌లో ప్రశ్న ఏమిటో మూడో పేజీలో కూడా దొరకదు. ప్రశ్న సరిగ్గా అడిగితే ఇంకో సబ్జెక్టు ఎందుకు కావాలో చదివేవాళ్ళకే అర్థమవుతుంది. ఈ వాక్యం కుదిరేదాకా పోర్టల్ తెరవకండి.

3. రిస్కుని ఒక్కచోటికి తెండి, ఇదే అసలు పని

ఒక కాగితం తీసుకుని మీ ప్రాజెక్టులో తప్పిపోయే అవకాశమున్న ప్రతిదీ రాయండి. పళ్ళు దొరక్కపోవచ్చు. లేజర్ మిషన్ స్లాట్ దొరక్కపోవచ్చు. డెంటిస్ట్ ట్రాన్స్‌ఫర్ అయిపోవచ్చు. ఇరవై ఏళ్ళలో పుచ్చిపోవడం వల్ల, తిండి వల్ల పన్నులోని పాత ఆనవాళ్ళు చెదిరిపోయి ఉండొచ్చు. ఆనవాళ్ళు ఉన్నా, వాటికీ కిడ్నీ జబ్బుకీ సంబంధం లేకపోవచ్చు.

ఇప్పుడు వీటిని రెండుగా విడదీయండి. మొదటి మూడూ ఏర్పాట్లకి సంబంధించినవి, అప్లై చేసేలోపు మీరే సర్దుకోవాలి. డెంటల్ కాలేజీతో మాట్లాడి లేఖ తెచ్చుకోవాలి, మిషన్ ఉన్నవాళ్ళ దగ్గర ఒప్పుదల తీసుకోవాలి, ఇద్దరు డెంటిస్టులని పెట్టుకోవాలి. ఈ చిల్లర రిస్కులని సైన్స్ రిస్కుతో కలిపి కమిటీ ముందు పెడితే, అసలైన సాహసానికి ఇవ్వాల్సిన ఓర్పు వాళ్ళ దగ్గర మిగలదు. ఐదోది, జబ్బుతో సంబంధం, అది ఈ మూడేళ్ళలో తేల్చేది కాదు, ప్రపోజల్‌లో ఆ మాట మీరే నిజాయితీగా రాయాలి, "ఉద్దానం రహస్యం ఛేదిస్తాం" అని మాటివ్వకూడదు. అక్కడ మనుషులు డయాలసిస్ మీద బతుకుతున్నారు, వాళ్ళ పేరు చెప్పి అలాంటి వాగ్దానం చేయడం తప్పు కూడా.

మిగిలింది నాలుగోది. పన్నులో పాత ఆనవాలు చెదరకుండా ఉందా లేదా. మీ ప్రాజెక్టు మొత్తం దీని మీదే నిలబడి ఉంది, కాబట్టి దీన్ని మొదటి ఏడాదిలోనే తేల్చే పరీక్ష ఒకటి ఆలోచించాలి, అది చౌకగా ఉండాలి, ఫలితం అవునో కాదో స్పష్టంగా రావాలి. ఇక్కడ అలాంటిది ఉంది. కుడి, ఎడమ జ్ఞానదంతాలు రెండూ దాదాపు ఒకే వయసులో తయారవుతాయి. ఒకే మనిషికి రెండూ తీసేసిన సందర్భాలు డెంటల్ కాలేజీల్లో ఉంటాయి. ఆ జంట పళ్ళు రెండింటిలో పొరల వరస ఒకేలా వస్తే ఆనవాలు నమ్మదగినది. ఒకే నోట్లోని రెండు పళ్ళు రెండు వేర్వేరు కథలు చెబితే, ఆ పద్ధతి పెద్దవాళ్ళకి పనికిరాదు, అక్కడితో ఆపేయాలి. ఈ పరీక్షకి ఉద్దానం దాకా కూడా వెళ్ళక్కర్లేదు, విశాఖపట్నంలోనే చేసుకోవచ్చు.

ప్రపోజల్‌లో దీన్ని ఇలా రాయండి. "12వ నెల చివర నిర్ణయం. 20 జంట పళ్ళలో కనీసం 15 జంటలు సరిపోలితే రెండో దశకి వెళ్తాం. సరిపోలకపోతే రెండో దశ ఆపి, మిగిలిన కాలం ఉద్దానం భూగర్భజలాల్లోని లోహాల మ్యాప్ తయారీకి వాడతాం." ఇందులో మూడు ఉన్నాయి. నెల ఉంది, అంకె ఉంది, ఓడిపోతే ఏం చేస్తారో ఉంది. ఆ అంకె ఎందుకు 15 అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పాలి, కొలతల్లో మామూలుగా వచ్చే తేడా ఎంతో చూసి స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళని అడిగి పెట్టుకోండి, నోటికొచ్చిన అంకె వేస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ప్లాన్ బి విషయంలో కూడా జాగ్రత్త. అది విడిగా కూడా పనికొచ్చేదిగా ఉండాలి, కానీ ప్లాన్ ఏ కంటే ఆకర్షణీయంగా ఉండకూడదు, లేకపోతే "అదే ముందు చేయొచ్చుగా" అంటారు.

ప్రాథమిక ఫలితాలు లేవని భయపడేవాళ్ళు చాలామంది. కొన్ని పథకాలు వాటిని అడగవు కూడా. అమెరికాలో వైద్య పరిశోధనకి ప్రభుత్వ డబ్బు ఇచ్చే ఎన్‌ఐహెచ్ 2007లో మొదలుపెట్టిన న్యూ ఇన్నోవేటర్ అవార్డులో అవి తప్పనిసరి కాదని నియమంలోనే రాశారు, సరిగ్గా ఇలాంటి రిస్కు పనుల కోసమే. కానీ మన దగ్గర కమిటీలో కూర్చున్నవాళ్ళు అలవాటుగా చూస్తారు కాబట్టి, చిన్నదైనా ఒక్క కొలత చూపించగలిగితే మంచిది. ఒక్క జంట పళ్ళ గ్రాఫ్ చాలు. స్నేహితుల ల్యాబ్‌లో ఒక పూట మిషన్ టైమ్ అడగండి, ఇస్తారు.

4. రెండో సబ్జెక్టు మనిషిని నిజంగా తెచ్చుకోండి

యువ పరిశోధకుల గ్రాంట్లు చాలావరకు ఒక్క మనిషి పేరు మీద ఇస్తారు, కాబట్టి రెండో సబ్జెక్టు వాళ్ళు సహకారులుగా, లేఖతో వస్తారు. ఆ లేఖ ఎలా ఉంటుందో చూస్తే ఆ సంబంధం నిజమో కాదో తెలిసిపోతుంది. "ఈ ప్రాజెక్టుకి నా పూర్తి సహకారం ఉంటుంది" అన్న రెండు లైన్ల లేఖకి విలువ లేదు. "మా ఓరల్ సర్జరీ విభాగంలో తీసేసే జ్ఞానదంతాలని, రోగి ఒప్పుకుంటే, వయసు, ఊరు వివరాలతో ఈ ప్రాజెక్టుకి ఇస్తాం, నమూనాల భద్రత మా డాక్టర్ చూస్తారు" అని ఉండాలి. లేఖ మీరే డ్రాఫ్ట్ రాసి పంపండి, అందులో తప్పేం లేదు, వాళ్ళు దిద్ది సంతకం పెడతారు.

లేఖకి ముందు కనీసం కొన్ని వారాలు వాళ్ళతో కూర్చోవాలి. వాళ్ళ ఓపీలో ఒక రోజు గడపండి, వాళ్ళ జర్నల్ క్లబ్‌కి వెళ్ళండి. డాక్టర్లకి మీ ప్రాజెక్టు వల్ల ఏం వస్తుందో కూడా ముందే మాట్లాడుకోండి, పేపర్లో ఎవరి పేరు ఎక్కడ ఉంటుంది, డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి మొహమాటం లేకుండా. మొహమాటపడి వదిలేసిన జట్లు గ్రాంట్ వచ్చాకే విడిపోతాయి, అప్పుడు మీ ప్రాజెక్టు సగంలో ఆగిపోతుంది. హైదరాబాద్‌లో 2020లో సీసీఎంబీ (జీవశాస్త్ర ల్యాబ్), ఐఐసీటీ (రసాయన ల్యాబ్) కలిసి మురుగునీటిలో కరోనా వైరస్ ఆనవాళ్ళు కొలిచి నగరంలో ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశాయి. బయాలజిస్టులు, కెమికల్ ఇంజనీర్లు కలిస్తేనే అయ్యే పని అది, రెండు క్యాంపస్‌లూ పక్కపక్కనే. మీ పక్క బిల్డింగ్‌లో ఎవరున్నారో ముందు చూడండి.

5. ఏ కమిటీ చదువుతుందో తెలుసుకుని రాయండి

2016లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్ట్రేలియన్ రీసెర్చ్ కౌన్సిల్‌కి ఐదేళ్ళలో వచ్చిన 18 వేలకి పైగా దరఖాస్తులు చూస్తే, సబ్జెక్టుల మధ్య దూరం పెరిగినకొద్దీ గ్రాంట్ వచ్చే అవకాశం తగ్గుతోందని తేలింది. నిరుత్సాహపడమని చెప్పడం లేదు, ఇది తెలిసి రాయమంటున్నాను. దరఖాస్తు ఫారంలో ముఖ్య విభాగం ఏదో ఎంచుకోమంటారు కదా, ఆ ఎంపికతోనే మిమ్మల్ని చదివే మనుషులు దాదాపు ఖాయమవుతారు. మీ రిస్కు ఏ సబ్జెక్టులో ఉందో ఆ విభాగం ఎంచుకోండి. పళ్ళ ప్రాజెక్టులో రిస్కు కొలతలో ఉంది, కాబట్టి ఎర్త్ సైన్సెస్ వైపో అనలిటికల్ కెమిస్ట్రీ వైపో పంపాలి. హెల్త్ వైపు పంపితే వాళ్ళు న్యాయంగానే "ఎంతమంది రోగులు, కంట్రోల్ గ్రూప్ ఏది" అని అడుగుతారు, మీ దగ్గర జవాబు ఉండదు.

సారాంశం, మొదటి పేజీ అయితే ఏ సబ్జెక్టు వాళ్ళకైనా అర్థమయ్యేలా రాయాలి. డెంటిన్ (పన్ను లోపలి గట్టి పదార్థం) అంటే ఏమిటో జియాలజిస్టుకి, లేజర్ అబ్లేషన్ (లేజర్‌తో గీకడం) అంటే ఏమిటో డాక్టర్‌కి ఒక్కో వాక్యంలో చెప్పండి. పద్ధతులు రాసే చోట మాత్రం తగ్గొద్దు, ఆ సబ్జెక్టులో ఆరితేరినవాళ్ళకి మీరు నిజంగా చేయగలరని నమ్మకం కలిగేంత లోతుగా ఉండాలి. మీకు కొత్త సబ్జెక్టులో ఒక చిన్న తప్పు పదం పడినా అక్కడే పట్టుకుంటారు, అందుకే ఆ భాగం మీ సహకారులు చదివి దిద్దాలి.

6. బడ్జెట్: లక్షల్లో కాదు, నెలల్లో ఆలోచించండి

60 లక్షలు అనగానే ఏ మిషన్ కొందామా అని ఆలోచన వస్తుంది. ముందు మనిషి జీతం లెక్క చూడండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే ప్రాజెక్టులో పని చేసే విద్యార్థి) నెలకి 37 వేలు, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42 వేలు. మూడేళ్ళకి 13 లక్షల 92 వేలు. హైదరాబాద్‌లో హెచ్ఆర్ఏ 30 శాతం లెక్కన ఇంకో 4 లక్షల 17 వేల 600. అంటే ఒక్క విద్యార్థికే 18 లక్షలు దాటింది. ఇద్దరిని పెట్టుకుంటే సగం పైన అయిపోయింది. నా అభిప్రాయం, రిస్కున్న ప్రాజెక్టులో మనుషుల మీదే ఎక్కువ పెట్టండి, దారి మారితే మనిషి మారగలరు, మిషన్ మారలేదు.

పెద్ద మిషన్లు కొనకండి. ఐ-స్టెమ్ అని కేంద్రం నడిపే పోర్టల్ ఉంది, దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. ఆ రుసుములు, నమూనాలు పట్టుకెళ్ళే ప్రయాణ ఖర్చులు బడ్జెట్‌లో స్పష్టంగా చూపించండి. చిన్న పరికరాలకి కొటేషన్ తెప్పించేటప్పుడు జీఎస్‌టీ కలిపి తీసుకోండి. పరిశోధన సంస్థలకి ఒకప్పుడు 5 శాతం రాయితీ రేటు ఉండేది, 2022 జులైలో తీసేశారు, ఇప్పుడు ఎక్కువ పరికరాల మీద 18 శాతం పడుతోంది. సీనియర్ల పాత ప్రపోజల్ చూసి అంకెలు కాపీ కొడితే ఇక్కడే దెబ్బ తగులుతుంది, 10 లక్షల పరికరం మీద లక్షా 30 వేల తేడా వస్తుంది.

కొనుగోళ్ళ విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2025 జూన్‌లో ఆర్థిక శాఖ నిబంధనలు సడలించి, పరిశోధన సంస్థలు కొటేషన్లు లేకుండా కొనుక్కునే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకి పెంచింది. కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలైంది. మీది రాష్ట్ర యూనివర్సిటీ అయితే సొంత నియమాలు ఉంటాయి, ఫైనాన్స్ సెక్షన్‌లో ముందే కనుక్కోండి.

ఇంకో ముఖ్యమైన మాట. డబ్బు విడతలు విడతలుగా వస్తుంది, ఆలస్యం కూడా అవుతుంది. ఆ ఆలస్యంలో నలిగేది జేఆర్‌ఎఫ్, ఊరి నుంచి వచ్చి హాస్టల్‌లోనో అద్దె గదిలోనో ఉంటూ నెలల తరబడి జీతం లేకుండా పని చేస్తారు. మీరు అప్లై చేసేముందే రిజిస్ట్రార్‌నో డైరెక్టర్‌నో కలిసి, విడత ఆలస్యమైతే సంస్థ ముందు ఇచ్చి తర్వాత సర్దుకుంటుందా అని అడగండి, ఒప్పుకుంటే కాగితం మీద తీసుకోండి. ఈ ఒక్క పని దయచేసి మానకండి.

7. అనుమతులు, సంతకాలు

ఇవి త్వరగా చెప్పేస్తాను. సంస్థ ఎండార్స్‌మెంట్ లెటర్‌కి కనీసం రెండు వారాల ముందు ఫైల్ పెట్టండి, సంతకం చేసేవాళ్ళు సరిగ్గా ఆఖరి రోజే ఢిల్లీ వెళ్తారు. మనుషుల నమూనాలు వాడితే, తీసి పారేసే పన్ను అయినా సరే, ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి లిఖితపూర్వక ఒప్పుకోలు ఉండాలి. ఆ ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి, మామూలు మాటల్లో ఉండాలి, కవిటిలో కొబ్బరి తోట మనిషికి చదివి వినిపిస్తే అర్థం కావాలి. జన్యు మార్పిడి పనైతే సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ దగ్గరికి వెళ్ళాలి. వైద్య పరిశోధనలో విదేశీ సహకారం ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి అదనం, దానికి టైమ్ పడుతుంది, అందుకని విదేశీ భాగస్వామి నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించుకోండి.

8. పంపే ముందు ఇద్దరితో చదివించండి

ఒకరు మీ సబ్జెక్టులో కఠినంగా ఉండేవాళ్ళు. ఇంకొకరు మీ రెండు సబ్జెక్టులూ తెలియనివాళ్ళు, గణితం వాళ్ళో ఎకనామిక్స్ వాళ్ళో. రెండో మనిషికి మొదటి పేజీ మాత్రమే ఇచ్చి, చదివాక కాగితం పక్కన పెట్టించి రెండే ప్రశ్నలు అడగండి. నేను ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను? ఇది ఎప్పుడు ఫెయిల్ అవుతుంది? రెండో ప్రశ్నకి జవాబు రాకపోతే మూడో అంచె మళ్ళీ చేయాలి. ఇంటర్వ్యూ ఉంటే, ప్రెజెంటేషన్‌లో ఆ 12వ నెల నిర్ణయానికి ఒక స్లయిడ్ పూర్తిగా కేటాయించండి. "ఫెయిలైతే?" అని అడిగినప్పుడు కాసేపు ఆగి, అదే స్లయిడ్‌కి వెళ్ళి శాంతంగా చెప్పండి, టెన్షన్‌లో "ఫెయిల్ కాదు సార్" అనేస్తారు చాలామంది, రిస్కు పథకంలో ఆ జవాబుకి మార్కులు పోతాయి.

అప్‌లోడ్ ఆఖరి రోజున పెట్టుకోకండి.

9. రాకపోతే, వస్తే

రాకపోతే కామెంట్లు వచ్చినరోజు ఏమీ చేయకండి. వారం తర్వాత తీసి, అర్థం చేసుకోకుండా రాసినవి, అర్థం చేసుకుని కాదన్నవి వేరు చేయండి. మొదటి రకం మీ రాతలో లోపం, మళ్ళీ రాస్తే పోతుంది. రెండో రకమే విలువైనది, అది ఎక్కువగా మీరు రాసుకున్న రిస్కు కాగితంలో లేని ఆరో రిస్కుని చూపిస్తుంది. దాన్ని చేర్చి అదే ఐడియాని ఇంకో పథకానికి పంపండి.

ప్రాథమిక జీవశాస్త్రం వైపు ఉన్నవాళ్ళకి హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ ఉంది. కొన్ని దేశాల ప్రభుత్వాలు కలిసి నడిపే సంస్థ, ఆఫీసు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, భారత్ కూడా సభ్యదేశం. సొంత ల్యాబ్ మొదలుపెట్టి ఐదేళ్ళు దాటనివాళ్ళకి విడిగా గ్రాంట్లు ఇస్తారు, వేర్వేరు దేశాల ల్యాబ్‌లు, వేర్వేరు సబ్జెక్టులు కలిసి రావాలి, ప్రాథమిక ఫలితాలు అక్కర్లేదు. మొదటి దశ లేఖ సాధారణంగా మార్చిలో అడుగుతారు. అయితే నేరుగా వైద్యానికి సంబంధించినవి తీసుకోరు, కాబట్టి మన పళ్ళ ప్రాజెక్టు అక్కడికి పోదు. యూరప్‌లో స్థిరపడాలనుకునే పోస్ట్‌డాక్‌లకి ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్ గ్రాంట్ ఉంది, ఐదేళ్ళకి 15 లక్షల యూరోల దాకా, ఏ దేశస్థులైనా అప్లై చేయొచ్చు, చేర్చుకునే సంస్థ మాత్రం యూరోపియన్ యూనియన్‌లోనో దాని అనుబంధ దేశంలోనో ఉండాలి. అక్కడ ఫారంలో మీ ప్రపోజల్ చదవాల్సిన రెండో ప్యానెల్ (నిపుణుల కమిటీ) కూడా చెప్పే వీలుంది, రెండు సబ్జెక్టుల వాళ్ళకి అది పెద్ద ఊరట.

వస్తే, సాంక్షన్ ఆర్డర్ చేతికొచ్చిన వారంలోనే 12వ నెల తేదీని క్యాలెండర్‌లో పెట్టి మీ విద్యార్థికి, సహకారులకి పంపండి. ఏ ఏడాదికి ఆ ఏడాది యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు ఎలా ఖర్చయిందో చూపే పత్రం) టైమ్‌కి పంపండి, తర్వాతి విడత దాని మీదే ఆధారపడి ఉంటుంది. 12వ నెలలో జంట పళ్ళు సరిపోలలేదనుకోండి. ఆ ఫలితాన్ని గ్రాఫ్‌లతో సహా వార్షిక నివేదికలో మొదటి పేరాలోనే రాయండి, ప్రపోజల్‌లో మీరు చెప్పిన ప్లాన్ బి పేజీ నంబర్ ఇచ్చి, దానికి మారుతున్నామని అనుమతి అడగండి. సరిపోలని ఆ డేటాని పేపర్‌గా కూడా వేయండి, ఇదే ఆలోచనతో ఇంకో ఊళ్ళో ఇంకొకరు మూడేళ్ళు ఖర్చు పెట్టకుండా ఉంటారు. మీ విద్యార్థి థీసిస్‌కి అందులో ఒక అధ్యాయం వస్తుంది, ఆ విషయం వాళ్ళకి మొదటి రోజే చెప్పి ఉంచండి.